పేరు తర్వాత, ముందు ఒళ్ళు: మీకేమనిపిస్తోందో మీకే తెలియనప్పుడు ఏం చేయాలి

"ఏమైంది నీకు?" అని ఎవరో అడుగుతారు. మీరు "ఏం లేదు" అంటారు. దాచిపెట్టాలని కాదు, నిజంగానే చెప్పడానికి మీకేమీ దొరకదు. గొంతు దగ్గర ఏదో అడ్డుపడినట్టుంటుంది. చేతులు ఊరికే ఉండవు. గదిలో లైటు మరీ ఎక్కువైనట్టుంటుంది. అది కోపమో, భయమో, ఆకలో తేల్చుకోలేరు. అడిగినవాళ్ళు మళ్ళీ అడుగుతారు, ఈసారి కాస్త గొంతు పెంచి. దాంతో లోపల దొరికీ దొరకనట్టున్న ఆ కాస్త కూడా జారిపోతుంది.

ఆటిజం ఉన్న చాలామందికి ఇది రోజూ ఉండేదే. నాకూ అంతే. పెద్దయ్యాకే నాకు ఆటిజం ఉందని తేలింది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు నా మీద నేనే ప్రయోగించి చూసుకుంటూ కూర్చుకున్న పద్ధతి ఇది. మీరు మీ కోసం కాకుండా మీ బిడ్డ కోసమో, మీతో ఉండే మనిషి కోసమో చదువుతుంటే చివర్లో మీకూ కొంత రాశాను.

ముందు ఇదేమిటో తెలుసుకోండి

దీనికి అలెక్సిథైమియా అని పేరు. 1970ల మొదట్లో బోస్టన్‌లో పనిచేసిన పీటర్ సిఫ్నియోస్ అనే సైకియాట్రిస్ట్ గ్రీకు మాటలు కలిపి పెట్టాడు. భావానికి మాట లేకపోవడం అని దాని అర్థం. భావం లేకపోవడం కాదు, మాట లేకపోవడం. ఈ తేడాను గట్టిగా పట్టుకోండి, కింద చెప్పేదంతా దీని మీదే నిలబడి ఉంది.

ఇది జబ్బు కాదు. మానసిక రోగాల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 పుస్తకంలో ఇది విడి జబ్బుగా లేదు. ఎత్తు, బరువు లాగా ఒకరిలో ఎక్కువ, ఒకరిలో తక్కువ ఉండే లక్షణం. ఆటిజంలో ఇదొక భాగమూ కాదు. అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి 2019లో లెక్క కడితే ఆటిజం ఉన్నవాళ్ళలో సుమారు 50 శాతం మందికి, లేనివాళ్ళలో సుమారు 5 శాతం మందికి ఇది గట్టిగా ఉన్నట్టు తేలింది. అంటే ఆటిజం ఉండి కూడా ఈ ఇబ్బంది గట్టిగా లేనివాళ్ళు సుమారు సగం మంది ఉన్నారు. ఆటిజం లేకుండానే దీనితో ఇబ్బంది పడేవాళ్ళూ ఉన్నారు.

ఈ రెంటినీ విడదీసి చూడటం ఎందుకంత ముఖ్యమో నా మటుకు నాకు బాగా తెలుసు. ఇంట్లో ఎవరో ఏడుస్తుంటే నేను కదలకుండా నిలబడిపోయేవాణ్ణి. "వీడికి జాలీ దయా లేవు" అన్న మాట చాలాసార్లు విన్నాను, నమ్మాను కూడా. ఆటిజం ఉన్నవాళ్ళకు ఎదుటివాళ్ళ బాధ పట్టదన్న అభిప్రాయం చదువుకున్నవాళ్ళలోనూ చాలాకాలం ఉండేది. 2010లో జెఫ్ బర్డ్ బృందం ఒక అధ్యయనం వెలువరించింది. తమకు దగ్గరి మనిషికి నొప్పి కలుగుతుంటే చూస్తున్నవాళ్ళ మెదడు ఎలా స్పందిస్తుందో అందులో కొలిచారు. ఆ స్పందన తగ్గడానికి ఆటిజంతో సంబంధం కనిపించలేదు, అలెక్సిథైమియాతో కనిపించింది. ఆటిజం లేనివాళ్ళలో కూడా అలాగే ఉంది. అది చదివిన రోజు నేను చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. మీక్కూడా ఎవరైనా అలాంటి ముద్ర వేసి ఉంటే దాన్ని పక్కన పెట్టేసి ముందుకు రండి.

మొదటి అడుగు: ప్రశ్న మార్చండి

"నాకేమనిపిస్తోంది?" అని మిమ్మల్ని మీరు అడగడం మానేయండి. అది ఆఖరి ప్రశ్న, మనం దాన్ని మొదట అడిగి ఓడిపోతున్నాం. దాని బదులు, జవాబు చెప్పగలిగే చిన్న ప్రశ్నలు పెట్టుకోండి. నా ఒంట్లో ఏం జరుగుతోంది? ఇందాక ఏం జరిగింది? ఇప్పుడు నాకేం చేయాలనుంది? ఈ మూడింటికీ జవాబులు దొరికితే పేరు దానంతటదే దగ్గరికొస్తుంది, లేదా పేరుతో పెద్దగా పనుండదు.

ఇంకో మాట. "తెలీదు" కూడా జవాబే. దాన్ని తప్పుగా లెక్కపెట్టకండి, కాగితం మీద అలాగే రాయండి.

రెండో అడుగు: ఒంటి అవసరాలను ముందు తీసేయండి

మన చేతికి చిక్కని ఎమోషన్‌కూ, చిక్కని ఆకలికీ మూలం తరచూ ఒకటే. లోపలి నుంచి వచ్చే కబుర్లను మెదడు సరిగా అందుకోలేకపోవడం. ఆ కబుర్లను అందుకునే శక్తిని ఇంటరోసెప్షన్ అంటారు. గుండె కొట్టుకోవడం, కడుపు నిండటం, దాహం, మూత్రం వస్తున్నట్టు అనిపించడం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. అందుకే మనలో చాలామంది మధ్యాహ్నమంతా చిరాకుపడి, సాయంత్రానికి తేల్చుకునేది పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగలేదని.

కాబట్టి ఏదో తేడాగా ఉందనిపించగానే ఇవి వరసగా చూసుకోండి: తిని ఎంతసేపైంది, నీళ్ళు తాగి ఎంతసేపైంది, బాత్రూమ్‌కి వెళ్ళాలా, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాను, ఎక్కడైనా నొప్పి ఉందా, చలిగానో ఉక్కగానో ఉందా, చప్పుడూ వెలుతురూ ఎక్కువగా ఉన్నాయా, బట్ట ఎక్కడైనా గుచ్చుకుంటోందా. అనిపించేదాన్ని నమ్మకండి, గడియారాన్ని నమ్మండి. "ఆకలిగా లేదు" అనిపించినా తిని ఆరు గంటలైతే తినండి. పావుగంట ఆగి చూడండి. ఇబ్బంది పోతే అది ఎమోషన్ కాదు, సంతోషించండి. పోకపోతే తర్వాతి అడుగు వేయండి.

మూడో అడుగు: ఒంటిని చదవండి

ఇక్కడ తెలుగువాళ్ళుగా మనకు ఒక ఆసరా ఉంది. నుడికారాన్ని అక్షరాలా తీసుకోకూడదని చిన్నప్పటి నుంచి మనకు చెబుతూనే ఉంటారు. ఈ ఒక్క చోట మాత్రం అక్షరాలా తీసుకోండి. గుండె దడదడలాడటం, గొంతు పూడుకుపోవడం, కడుపులో తిప్పడం, ఒళ్ళు మండటం, నోరు ఎండిపోవడం, చేతులూ కాళ్ళూ ఆడకపోవడం, మొహం చిన్నబోవడం, గుండె బరువెక్కడం, పళ్ళు పటపటలాడించడం. ఎవరో ఒకరు తమ ఒంట్లో జరిగినది జరిగినట్టు చూసి చెప్పిన మాటలివి. ఇవన్నీ ఒక కాగితం మీద పై నుంచి కిందికి, తల నుంచి కాళ్ళ దాకా రాసుకోండి. తేడాగా ఉన్నప్పుడు ఆ కాగితం తీసి ఒక్కోటీ నిజంగా జరుగుతోందా అని చూడండి. "గొంతు పూడుకుపోయిందా?" అంటే అవునో కాదో చెప్పొచ్చు. "బాధగా ఉందా?" అంటే చెప్పలేం.

అయితే ఒంట్లో కనిపించే ఒక్కో గుర్తుకు ఒక్కో ఎమోషన్ అని పట్టిక వేసుకోకండి. గుండె దడ భయంతో వస్తుంది, సంతోషంతో వస్తుంది, జ్వరంతోనూ వస్తుంది. ఇక్కడ మీరు గుర్తు మాత్రం నోట్ చేసుకుంటున్నారు, తీర్పు ఇప్పుడే వద్దు.

లోపలి కబురు అసలే అందకపోతే బయటి నుంచి కొలవండి. 2016లో సారా గార్ఫింకెల్ బృందం ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ చేత తమ గుండె చప్పుళ్ళను లోపలి నుంచే లెక్కపెట్టించింది. తమ ఒంట్లో జరిగేవి తమకు బాగా తెలుస్తాయని వాళ్ళు గట్టిగానే అనుకున్నారు, లెక్క మాత్రం అంతగా కుదరలేదు. ఈ రెంటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే టెన్షన్ అంత ఎక్కువ కనిపించింది. కాబట్టి గుండె వేగంగా కొట్టుకుంటోందా అని ఊహించుకోవద్దు, మణికట్టు మీద వేలు పెట్టి నిమిషంపాటు లెక్కపెట్టండి. ఊరికే కూర్చున్నప్పుడు మీ అంకె ఎంతో ముందే తెలిసి ఉంటే తేడా ఇట్టే తెలుస్తుంది.

అన్నిటికంటే నాకు ఎక్కువగా ఉపయోగపడింది స్టిమ్మింగ్, అంటే ఒకే కదలికనో చప్పుడునో మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉండటం. చేతులు ఊపడం, ముందుకూ వెనక్కూ ఊగడం, వేళ్ళతో ఏదో ఒకటి రుద్దడం, ఒకే పాట మళ్ళీ మళ్ళీ పెట్టుకోవడం, మనలో ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఆ తీరు మారిందంటే లోపల ఏదో మారినట్టే. మామూలుగా నేను బొటనవేలితో చూపుడువేలి అంచును నెమ్మదిగా రుద్దుకుంటాను, అది నా ప్రశాంతత. అదే గోటితో చర్మాన్ని గీరడంగా మారితే లోపల ఏదో మొదలైందని అర్థం. పేరు నాకు రేపు తెలుస్తుంది, గోరు మాత్రం ఇప్పుడే చెబుతుంది. మీ స్టిమ్మింగ్‌ను ఒక వారంపాటు ఊరికే గమనించండి, ఆపడానికి ప్రయత్నించకండి. ఎప్పుడు నెమ్మదిగా ఉంది, ఎప్పుడు వేగం పెరిగింది, ఎప్పుడు పూర్తిగా ఆగిపోయింది? ఆగిపోవడం కూడా గుర్తే. నాకైతే షట్‌డౌన్‌కి (తట్టుకోలేక లోపలికి ముడుచుకుపోయి, మాటా కదలికా ఆగిపోవడానికి) ముందు చేతులు బిగుసుకుపోతాయి, మాటలు ఒకటి రెండుకు తగ్గిపోతాయి.

ఒంటిని గమనించే కొద్దీ కంగారు పెరిగేవాళ్ళు కొందరుంటారు. మీరు అలాంటివారైతే ఒంటిని వదిలేసి బయట కనిపించేవే చూడండి: నడక వేగం, గొంతు పెంచానా, తలుపు గట్టిగా వేశానా, అదే మెసేజ్‌ను ఎన్నిసార్లు తెరిచాను.

నాలుగో అడుగు: రెండు గీతలు

కాగితం మీద ఒక అడ్డగీత, ఒక నిలువు గీత గీయండి. అడ్డగీతకు ఒక చివర "హాయి", రెండో చివర "ఇబ్బంది". నిలువు గీతకు పైన "ఉరుకులు", కింద "నీరసం". 1980లో జేమ్స్ రసెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎమోషన్లను ఇలాంటి రెండు గీతల మీదే అమర్చాడు. మీరు ఎక్కడున్నారో అక్కడొక చుక్క పెట్టండి, అంతే. ఇబ్బంది, ఉరుకులు అయితే కోపం, భయం, కంగారు, ఆ వైపు ఏదో. ఇబ్బంది, నీరసం అయితే దిగులు, విసుగు, నిరాశ. చాలా రోజులు ఈ చుక్కతోనే సరిపెట్టుకోవచ్చు.

ఐదో అడుగు: వెనక్కి నడవండి

గుర్తు ఎప్పుడు మొదలైందో తెలిస్తే అక్కడి నుంచి వెనక్కి వెళ్ళండి. దానికి ముందు గంటలో ఏం జరిగింది? ఎవరితో మాట్లాడారు? అనుకున్నదేదైనా మారిందా? ఏ మెసేజ్ వచ్చింది? గంటలో ఏమీ దొరకకపోతే నిన్నటిదాకా వెళ్ళండి. జరిగినది జరిగినట్టు రాయండి. "ఆయన నన్ను చిన్నచూపు చూశాడు" అని కాదు, "నేను మాట్లాడుతుండగా ఆయన ఫోన్ చూసుకున్నాడు" అని. సంఘటనలు రాయడం మనకు వచ్చిన విద్యే, అందులో మనం చాలామందికంటే నిక్కచ్చిగా ఉంటాం.

ఆ తర్వాత మూడో ప్రశ్న: ఇప్పుడు మీ ఒంటికి ఏం చేయాలనుంది? పారిపోవాలనుంటే భయం కావచ్చు. ఎదురు తిరగాలని, ఏదో విసిరికొట్టాలని ఉంటే కోపం కావచ్చు. ఎవరి కంటా పడకుండా దాక్కోవాలనుంటే సిగ్గో, అవమానమో. ఎవరి దగ్గరికైనా వెళ్ళి ఊరికే కూర్చోవాలనుంటే బెంగ. ఏమీ చేయాలని లేకపోతే అది అలసట అయినా కావచ్చు, దిగులు అయినా కావచ్చు. నాకు పేరు ఎప్పుడు తట్టినా ఎక్కువగా ఈ ప్రశ్న వల్లే తట్టింది.

ఆరో అడుగు: పేరును అంచనాగా పెట్టండి

ఇప్పుడు పేరు. "నాకు కోపంగా ఉంది" అని తేల్చేయకుండా "ఇది కోపం కావచ్చు" అని రాయండి. తప్పయితే రేపు కొట్టేస్తారు. పేరు పెట్టినందువల్లే కాస్త ఊరట దొరుకుతుంది. 2007లో మాథ్యూ లీబర్‌మాన్ బృందం చేసిన ప్రయోగంలో, కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాల ఫొటోలకు మాటతో పేరు పెట్టినప్పుడు మెదడులో అలజడికి సంబంధించిన అమిగ్డలా అనే భాగం ఉద్ధృతి తగ్గింది.

పెద్ద జాబితాలు డౌన్‌లోడ్ చేసుకోకండి. వంద మాటలు చూస్తే నాకైతే మళ్ళీ తల ఖాళీ అయిపోతుంది. ఆరేడు మాటలతో మొదలుపెట్టి ఒక్కో మాటకూ మీ జీవితంలోంచి ఒక ఉదాహరణ రాసుకోండి. మన భాషలో దగ్గర దగ్గర మాటల మధ్య తేడాలు భలే ఉంటాయి. దగ్గరివాళ్ళు దూరమైతే బెంగ. ఏదో జరగబోతోందని లోపల కెలుకుతుంటే గుబులు. కొత్తవాళ్ళ ముందుకు వెళ్ళాలంటే బెరుకు. మాట పడి, తిరిగి ఏమీ అనలేక కళ్ళలో నీళ్ళు తిరిగితే ఉక్రోషం. మీకు ఇవి ఇంకోలా అనిపిస్తే మీలాగే రాసుకోండి. పట్టిక మీది, దిద్దడానికి ఎవరూ రారు.

ఏడో అడుగు: ఆలస్యంగా వస్తుందని ముందే లెక్కలో పెట్టుకోండి

మామూలు సలహాల్లో ఎవరూ చెప్పని సంగతి ఇది. మనలో చాలామందికి ఎమోషన్ పేరు గంటలు, ఒక్కోసారి రోజులు ఆలస్యంగా తెలుస్తుంది. నా నోట్‌బుక్‌లోంచి ఒక ముక్క ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

సోమవారం రాత్రి: పళ్ళు బిగిసి ఉన్నాయి. అక్క గ్లాసులో చెంచా తిప్పుతుంటే ఆ చప్పుడు తట్టుకోలేకపోయాను, అరిచాను. పేరు: తెలీదు.

మంగళవారం పొద్దున: కడుపు బరువుగా ఉంది. ఆఫీసుకు వెళ్ళాలని లేదు. తిన్నాను, తగ్గలేదు. పేరు: తెలీదు.

బుధవారం సాయంత్రం: స్నానం చేస్తుంటే సోమవారం మీటింగ్ గుర్తొచ్చింది. నేను తయారుచేసిన రిపోర్టును ఇంకొకరి పేరుతో చూపించారు. మొహం వేడెక్కింది. ఉక్రోషం. అవమానం కూడా.

మీటింగ్ జరిగిన రోజు ఎవరైనా అడిగి ఉంటే "ఏం పర్లేదు" అనేవాణ్ణి, అబద్ధం చెబుతున్నానని కూడా నాకు తెలిసేది కాదు. ఆ రోజు కోపం చెంచా మీద పడింది. ఇలా కొన్ని వారాలు రాస్తే మీ ఆలస్యం సుమారు ఎంతో మీకు తెలుస్తుంది. తెలిశాక ముఖ్యమైన వాటికి వెంటనే ఒప్పుకోవడం మానేయండి. "రెండు రోజుల్లో చెబుతాను" అనండి. సారీ చెప్పాల్సి వస్తే ఆలస్యంగానైనా చెప్పండి, బుధవారం రాత్రి నేను అక్కకు చెప్పినట్టు.

రాయడానికి రోజుకు మూడుసార్లు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఒంటి గుర్తు ఒకటి, ఇప్పటిదాకా జరిగింది ఒకటి, చుక్క. రెండు నిమిషాలు చాలు. బాగున్నప్పుడు కూడా రాయండి. హాయిగా ఉన్నప్పుడు ఒళ్ళు ఎలా ఉంటుందో తెలియకపోతే తేడాను పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఎనిమిదో అడుగు: పేరు లేకపోయినా అవసరం చెప్పండి

పేరు దొరికేదాకా బాధ భరిస్తూ కూర్చోనక్కర్లేదు. బాగున్న రోజున కొన్ని వాక్యాలు రాసి ఫోన్‌లో పెట్టుకోండి. "నాలో ఏదో జరుగుతోంది, ఏంటో ఇంకా తెలీదు. నీ మీద కోపం కాదు. అరగంట ఒంటరిగా ఉండనివ్వు." మాట పెగలనప్పుడు అదే మెసేజ్ పంపండి. గోటితో గీరడం లాంటి మీ ముందస్తు గుర్తు కనిపించగానే చప్పుడు లేని చోటికి వెళ్ళిపోండి. మెల్ట్‌డౌన్ (తట్టుకోలేక ఏడుపో అరుపో అదుపు తప్పి బయటపడటం) అయ్యాక కారణం వెతకడం కంటే దానికి ముందే గదిలోంచి బయటపడటం ఎంతో తేలిక.

మీరు పక్కనున్న మనిషైతే

"ఏమైంది చెప్పు, చెప్పు" అని వెంటపడకండి. కళ్ళలోకి చూడమని పట్టుబట్టకండి. మొహంలో ఏమీ కనిపించకపోతే లోపల ఏమీ లేదని అనుకోకండి. మా అక్క మొదట్లో ఇలాగే అడిగేది.

"ఏరా, ఏమైంది? ఎందుకలా ఉన్నావ్?"

"ఏమో అక్కా, తెలీదు."

"తెలీకపోవడమేంట్రా, నీ మనసు నీకు తెలీదా?"

నిజంగానే తెలీదు. ఆ ప్రశ్నతో ఇద్దరమూ నొచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు తను అడిగే తీరే వేరు. "వేళ్ళు గీరుకుంటున్నావ్. నీళ్ళు తాగావా? చప్పుడు ఎక్కువగా ఉందా, ఫ్యాన్ ఆపనా?" అని అడిగి, పక్కన కూర్చుని తన పని తను చేసుకుంటుంది. చూసింది చూసినట్టు చెప్పడం, అవునో కాదో అంటే సరిపోయే ప్రశ్న వేయడం, జవాబుకు తొందరపెట్టకపోవడం. పిల్లలతోనైతే "నీకు కోపంగా ఉంది" అని మీరే పేరు అంటించేయకండి. "గుప్పిళ్ళు బిగించావు, బొమ్మ విరిగినందుకు కోపమొచ్చిందేమో?" అనండి, కాదనే వీలు వాళ్ళకు ఉండాలి. మీకు మీరుగా "నాకిప్పుడు కంగారుగా ఉంది, చేతులు చల్లబడ్డాయి" అని పైకి అంటూ ఉంటే అది చూసి కూడా నేర్చుకుంటారు.

డాక్టర్ దగ్గర

పేరు తెలియని బాధ లోపలే ఉండిపోయి టెన్షన్, డిప్రెషన్‌గా మారడం మనలో మామూలే. నిద్ర, తిండి రెండు వారాలకు పైగా దెబ్బతింటే సైకాలజిస్ట్‌నో సైకియాట్రిస్ట్‌నో కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచనో, మిమ్మల్ని మీరు గాయపరుచుకోవాలన్న ఆలోచనో వస్తే "ఎందుకో తెలీదు" అని ఆగకండి. కారణం తెలియకపోయినా అది ఎమర్జెన్సీయే. దగ్గరున్న మనిషికి వెంటనే చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

వాళ్ళు మీచేత టీఏఎస్-20 అనే ప్రశ్నపత్రం నింపించవచ్చు. 20 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు, 61 లేదా ఆ పైన వస్తే అలెక్సిథైమియా ఉన్నట్టు లెక్క. తన మనసు తనకు తెలియని మనిషినే తన మనసు గురించి అడగడం ఆ పరీక్షకున్న పరిమితి, కాబట్టి ఆ అంకెతో పాటు మీ నోట్‌బుక్ కూడా చూపించండి.

"ఎలా అనిపిస్తోంది?" అనే ప్రశ్న చుట్టూ తిరిగే థెరపీ మనకు ఒట్టి పరీక్షలా తయారవుతుంది. తప్పు జవాబు చెబుతున్నానేమోనన్న భయంతో మధ్యలోనే మానేయాలనిపించవచ్చు. అందుకని మొదటి రోజే ఒక కాగితం ఇచ్చేయండి. నేను ఇచ్చిన కాగితంలో ఇలా ఉంది: "నాకు ఎమోషన్లు ఉన్నాయి, పేర్లు ఆలస్యంగా దొరుకుతాయి. ఒంట్లో ఏం జరుగుతోందని అడిగితే చెప్పగలను. మీ ప్రశ్నలు ముందు రోజే రాసి పంపితే జవాబులు రాసి తెస్తాను. నేను నవ్వుతూ చెప్పినా నొప్పి నిజమే."